పసుపు పాల కేసు

మా అమ్మ మీద సర్కారు కేసు పెట్టిందంటే ఎవరైనా మొదట అడిగేది ఏం చేసిందని. పాలలో చిటికెడు పసుపు వేసిందని చెబుతాను. నవ్వుతారు. అట్లా నవ్వినవాళ్లతో నేను మళ్లీ మాట కలపను. నా కోపం సంగతి మా చుట్టాలందరికీ తెలిసిందే, కొత్తగా దాచుకోవలసింది ఏమీ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ములకలపల్లి నుంచి అడవి వైపు పోయే రోడ్డు పక్కన మా పల్లె. మా వాడ వాడంతా క్రైస్తవులమే. వాడ చివర రేకుల కప్పుతో చిన్న చర్చి ఉండేది. పాస్టరు నెలకొకసారి వచ్చేవాడు, మిగతా ఆదివారాలు సంఘ పెద్దే నడిపేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న కామెర్లతో పోయాడు. అప్పటి నుంచి నన్నూ అమ్మనూ సాకింది రెండు బర్రెలు. అమ్మ పొద్దున్నే పాలు పిండి, స్టీలు క్యాను నెత్తిన పెట్టుకుని, మెయిన్ రోడ్డు మీది సెంటరుకు నడిచిపోయేది. అక్కడి టీ హోటల్లో సగానికి పైగా పోసి, మిగిలినవి తెలిసిన ఇళ్లలో పోసి వచ్చేది. నేను టీచర్ ట్రైనింగ్ దాకా చదివింది ఆ పాల మీదనే.

అమ్మ పాలలో నీళ్లు కలిపేది కాదు. కూతురిని కాబట్టి చెబుతున్న మాట కాదిది. ఈమె పోసే పాలకు నీళ్లు తానే కలుపుకోవలసి వస్తోందని, తనకు పని పెంచుతోందని టీ హోటలాయన అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. అమ్మ అది మెప్పు అనుకుని మురిసిపోయేది.

అయితే ఒక అలవాటు ఉంది. బర్రె ఈనిన కొత్తలో, జున్నుపాల రోజులు అయిపోయి మంచిపాలు మొదలైనప్పుడు, గడప దాటి పోయే పాలలో చిటికెడు పసుపు, ఒక చుక్క నీళ్లు వేసేది. కొన్నాళ్లే, తర్వాత మానేసేది. ఊరికే పంపితే దిష్టి తగిలి పొదుగు ఎండిపోతుందని అమ్మమ్మ చెప్పింది, అమ్మమ్మకు వాళ్లమ్మ చెప్పింది. మా వాడలో బర్రె ఉన్న ప్రతి ఇంట్లో ఇదే తంతు. బాప్తీస్మం తీసుకుని రెండు తరాలైనా, బర్రెల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చర్చిలో మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు నా ట్రైనింగ్ కాలేజీకి సెలవు. రెండో క్యాను నేను పట్టుకుని అమ్మ వెంట సెంటరుకు పోయాను. మేం పోయేసరికి అక్కడ హడావుడిగా ఉంది. జీపు ములకలపల్లి దాటిందని ఎవరో ఫోన్ చేసి చెప్పారట. జీపు కంటే వార్త ముందు రావడం మా దగ్గర మామూలే. షట్టర్లు టపటపా పడ్డాయి. మిఠాయి కొట్టు అతను రంగు డబ్బాను గోనె సంచిలో చుట్టి వెనక గోడ అవతలికి విసిరాడు. రోజూ కిటకిటలాడే సెంటరులో, జీపు ఆగేసరికి తెరిచి ఉన్నవి టీ హోటలు, సైకిలు షాపు, మా అమ్మ క్యాను.

అమ్మ ఎందుకు పారిపోలేదని తర్వాత చాలామంది అడిగారు. ఎందుకు పారిపోవాలో ఆమెకు తెలియదు.

ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు మనిషి. చెడ్డవాడని చెప్పను, విసుగ్గా ఉన్నాడు, అంతే. ఆ నెలకు శాంపిళ్లు చూపించాలి, ఎక్కడికి పోయినా షట్టర్లే కనిపిస్తున్నాయి. జీపు దిగి నాలుగు వైపులా చూశాడు. కిరాణా షాపు షట్టరు పూర్తిగా పడలేదు, దాని కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. ఆ కాళ్లు మా సంఘ పెద్దవి.

"ఏమండీ, కాళ్లు కనిపిస్తున్నాయి, బయటికి రండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన వంగి బయటికి వచ్చాడు, చేతులు జోడించాడు. ఇద్దరూ పక్కకు పోయి కాసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేసరికి సంఘ పెద్ద పంచగా మారిపోయాడు. పంచ అంటే శాంపిలు తీస్తుండగా పక్కన నిలబడి చూసి సంతకం పెట్టే సాక్షి. ఆయన షాపులోకి ఎవరూ తొంగి చూడలేదు. రెండో పంచ టీ హోటలాయన.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు అమ్మ వైపు తిరిగాడు. పాల ధర అడిగి, డబ్బులిచ్చి, క్యానులో గరిటె పెట్టి తిప్పాడు. మూడు సీసాల్లో పాలు పోశాడు. చెడిపోకుండా వాటిలో ఫార్మలిన్ చుక్కలు వేశాడు. శవాలు చెడిపోకుండా వాడే మందు అది. అది వేస్తే తప్పు లేదు. మూతలు బిగించి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేశాడు. చేతులు తుడుచుకుంటూ, మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

"ఏమ్మా, ఇందులో ఏమైనా కలిపావా?"

"అయ్యో, లేదు సారూ."

"మరి ఈ పచ్చ ఛాయ ఏంటి?"

"గదా? పసుపు సారూ. చిటికెడు ఏసిన. బర్రె ఈని నెల గూడ కాలె. ఒక చుక్క నీళ్లు గూడ ఏసిన. ఏయకుంటే పొదుగు ఎండిపోదా?"

ఇంటికి వచ్చిన చుట్టానికి కూర ఎట్లా వండిందో చెప్పినట్టు చెప్పింది. చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే రాసుకున్నాడు. రాసింది చదివి వినిపిస్తే పంచలిద్దరూ సంతకాలు పెట్టారు. వేలిముద్ర వేయమని ఇంకుప్యాడు ముందుకు తోస్తే, తనకు సంతకం వచ్చని చెప్పింది అమ్మ. చర్చిలో వయోజనుల తరగతికి పోయి నేర్చుకుంది. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం గుండ్రంగా, నిదానంగా రాసింది. జీపు పోయాక, "మంచిగ రాసిన్నా?" అని నన్నడిగింది.

కొన్ని నెలలకు సమన్లు వచ్చాయి. కొత్తగూడెంలో ఒక వకీలును పట్టుకున్నాం. ఆయన రిపోర్టు చదివి, కళ్లద్దాలు తీసి, అమ్మ వైపు జాలిగా చూశాడు. వెన్న శాతం బాగుంది, చిక్కదనం బాగుంది, పాలు నిక్షేపంగా ఉన్నాయి, కాని పాలలో రంగు ఉండకూడదని చట్టం, పసుపు రంగే కాబట్టి ఇవి కల్తీ పాలు అన్నాడు. నేరం రుజువైతే ఆరు నెలల జైలు, అంతకంటే తగ్గించే వీలు జడ్జిగారికీ లేదన్నాడు. అమ్మకు జైలు అన్న మాట ఒక్కటే వినిపించింది.

ఊళ్లో మాత్రం మాటలకు కొదవ లేదు. టీ హోటలాయన పాలు పోయించుకోవడం మానేశాడు. కేసు వాయిదాలు పడుతుండగానే హోటలు ఎత్తేసి సత్తుపల్లి వైపు పోయాడు, మళ్లీ ఎవరికీ దొరకలేదు. తెలిసిన ఇళ్లు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి. మా వాడలోనే ఒకామె, తన మనవడికి పోయినేడు వచ్చిన దగ్గు మా పాల వల్లనేనా అని అమ్మను నిలబెట్టి అడిగింది. ఆమె బర్రె ఈనినప్పుడు పసుపు గుడ్డలో మూటగట్టి పాల గిన్నెలో ముంచడం నేను నా కళ్లతో చూశాను. పిల్లలు అమ్మకు పసుపు పాలామె అని పేరు పెట్టారు. అమ్మ వినబడనట్టు పోయేది. నేను ఒకడి చెవి మెలిపెట్టాను, వాళ్లమ్మ వచ్చి మా ఇంటి ముందు దుమ్మెత్తిపోసింది. అమ్ముడుపోని పాలను తోడుపెట్టి, చిలికి, నెయ్యి చేసి, అదీ ఎవరూ కొనక, చివరికి ఒక బర్రెను అమ్మేశాం.

విచారణ దగ్గర పడ్డాక వకీలు ఒక దారి చెప్పాడు. ఆ రోజు తీసుకుపోతున్నవి అమ్మే పాలు కావు, దగ్గుతో ఉన్న చుట్టాల పిల్లకు తీసుకుపోతున్న పసుపు పాలు అని అమ్మ చెప్పాలి. రాసుకున్న కాగితంలో ఏముందో తెలియక సంతకం పెట్టానని చెప్పాలి. దానికి తోడు పంచ వచ్చి, అమ్మ ఏమన్నదో తాను సరిగా వినలేదని ఒక్క మాట అంటే చాలు, కేసు నిలవదు. ఉన్న పంచ ఇక సంఘ పెద్ద ఒక్కడే.

ఆ సాయంత్రమే అమ్మా నేనూ ఆయన షాపుకు పోయాం. అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది, నేను మామా అనేదాన్ని. ఆయన భార్య పక్కనే బియ్యం చెరుగుతోంది. అమ్మ చెప్పిందంతా ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"చెల్లె, కోర్టు సంగతి తర్వాత. ముందుగాల దేవుని దగ్గర సరిచేసుకో. విశ్వాసివై ఉండి దిష్టికి పసుపు ఏసినవని ఊరంత చెప్పుకుంటున్నరు. సంఘం పేరు ఏంగావాలె? ఆదివారం అందరి ముందట లేచి ఒప్పుకో. గప్పుడు సంఘమంత నీ ఎనకాల నిలబడ్తది. నేను గూడ నిలబడ్త."

"మీ ఇంట్ల ఏయరా మామా?" అన్నాను నేను. "మొన్న మీ బర్రె ఈనినప్పుడు అత్తమ్మ..."

అమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. అత్తమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. మామ మాత్రం నా మాట చెవిన పడనట్టు, వచ్చే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల కూడా ఉందని, మనసు శుద్ధి చేసుకుని రావాలని అమ్మకు చెప్పాడు.

అమ్మ ఆ వారమంతా భయపడింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. వెళ్లొద్దని నేను పోట్లాడాను. అందరూ చేసే పనికి నువ్వొక్కదానివే ఎందుకు తలవంచాలని అరిచాను. "ఆయన నిలబడ్త అన్నడు గద బిడ్డా" అన్నది. ఆ ఒక్క ఆశ కోసం ఆదివారం ఉతికిన చీర కట్టుకుని, ఆడవాళ్ల వరుసలో ముందుకు పోయి కూర్చుంది.

పాటలు అయ్యాక సంఘ పెద్ద పిలిచాడు. అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, నేల చూస్తూ, తన బర్రె పాలలో పసుపు వేశానని, నీళ్లు కూడా ఒక చుక్క వేశానని, దేవుని మీద నమ్మకం లేక దిష్టికి భయపడ్డానని, తనను క్షమించమని చెప్పింది. గొంతు వణికింది కాని మాట తప్పలేదు. పక్కన కూర్చున్న ఆడవాళ్లను నేను ఒక్కొక్కరినే చూశాను. అందరూ తలలు వంచుకున్నారు. ఒక్కతి, ఒక్కతంటే ఒక్కతి, నేనూ వేశానని లేవలేదు. సంఘ పెద్ద అమ్మ కోసం ప్రార్థన చేస్తే అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక వాళ్లే అమ్మను కావలించుకుని ఏడ్చారు.

ఆ రోజు అమ్మ మొహం తేటగా ఉంది. చాలా రోజుల తర్వాత కోడిని కోసి కూర వండింది. సంఘ పెద్ద ఇంటికీ ఒక గిన్నె పంపింది.

కోర్టుకు ముందు వారమంతా కొట్టంలో బర్రె ముందు నిలబెట్టి అమ్మకు నేను పాఠం చెప్పాను. నేను జడ్జిని, అడిగేదాన్ని. "అమ్మే పాలు గావు సారూ, చుట్టాల పిల్లకు దగ్గు ఉంటే తీస్కపోతున్న" అని అప్పజెప్పించేదాన్ని. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. ఒక్కోసారి నవ్వేది, ఒక్కోసారి పిల్ల ఎవరి పిల్ల అని నన్నే ఎదురు అడిగేది. చివరికి మాట పట్టుబడింది.

వాయిదా నాడు సంఘ పెద్ద తెల్లబట్టలు వేసుకుని మాతోపాటే బస్సులో వచ్చాడు. దారిలో పాల్వంచ దగ్గర టీ తాగించాం. కోర్టులో ఆయన పేరు పిలిచారు. దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేసి, సర్కారు వకీలు అడగకముందే మొదలుపెట్టాడు.

"నేను విన్న సార్. పసుపు ఏసిన, నీళ్లు ఏసిన అని ఆమెనే చెప్పింది. గంతేగాదు, మొన్న మా చర్చిల గూడ అందరి ముందట లేచి అదే ఒప్పుకున్నది. సంఘమంత విన్నది."

మా వకీలు లేచి ఏదో అనబోయాడు. జడ్జి చెయ్యి ఎత్తి ఆపి, ఎప్పుడు ఒప్పుకున్నది, ఏమని ఒప్పుకున్నది అని అడిగాడు. ఆయన ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాడు. అమ్మ వణుకుతూ పలికిన మాటలు, వణుకు లేకుండా ఆయన నోట విన్నాను. అప్పుడు జడ్జి అమ్మ వైపు తిరిగి, ఈయన చెప్పేది నిజమేనా అని అడిగాడు.

నేను గుమ్మం దగ్గర నిలబడి, పెదవులు కదిలిస్తూ కొట్టంలో నేర్పిన మాట అందించాను. అమ్మ నన్ను చూసింది. తర్వాత ఆయనను చూసింది.

"అవ్ సారూ, నిజమే. దేవుని ముందట చెప్పిన మాట. లేదని ఎట్ల అంట?"

భోజనాల వేళ దాటాక తీర్పు చెప్పారు. ఆరు నెలలు. పైకోర్టుకు పోతామని ఇక్కడే అడిగితే ఇవాళే బెయిలు వస్తుంది, జామీను ఉండేవాళ్లు ఇద్దరు కావాలి, భూమి ఉన్నవాళ్లు, త్వరగా చూడమన్నాడు వకీలు. భూమి ఉన్న మనిషి, మా సంఘ పెద్ద, వరండాలో ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నేను ఆయన దగ్గరికి పోయి అడిగాను. ఆయన గడియారం చూసుకుని, చివరి బస్సు పోతుందేమో అన్నాడు. నేను ఇంకోసారి అడగబోతుంటే అమ్మ పిలిచింది.

"వద్దు బిడ్డా. మల్ల కోర్టు, మల్ల అందరి ముందట చెప్పుడు. నాతోని గాదు. పోయొస్త."

పక్కన ఆడ కానిస్టేబులు నిలబడి ఉంది. అప్పుడు ఆయన అమ్మ దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, ప్రమాణం చేసినంక అబద్ధం చెప్పలేకపోయిన. నీకు తెల్వదా? ప్రార్థన చేస్త, వొంగు."

అమ్మ తల వంచింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోయి ఆ చేతిని ఒక్క తోపు తోశాను.

"మీ కారంల ఇటిక పొడి ఎంత కలుస్తదో గది చెప్పున్రి దేవునికి! గా షట్టరు ఎందుకు దించిన్రో చెప్పున్రి!"

అమ్మ నా చెంప మీద కొట్టింది. నన్ను ఎన్నడూ చెయ్యెత్తి కొట్టని మనిషి, కోర్టు వరండాలో అందరూ చూస్తుండగా, చెయ్యి చాచి కొట్టింది.

"పెద్దమనిషిని గట్ల అంటవా? ఆయన చెప్పింది అబద్ధమా?"

ఆ మాట అని, నా తరఫున ఆయనకు క్షమాపణ చెప్పి, కొంగు సర్దుకుని మళ్లీ తల వంచింది. ఆయన ప్రార్థన పూర్తి చేశాడు. అమ్మ ఆమెన్ అని కానిస్టేబులు వెంట మెట్లు దిగింది. నా వైపు తిరిగి చూసిందో లేదో నాకు తెలియదు, నేనే గోడ వైపు తిరిగి ఉన్నాను.

ఇంటికి పోయేసరికి చీకటి పడింది. పొదుగు నిండి బర్రె అరుస్తోంది. అది అమ్మ చేతికి తప్ప ఇవ్వదు. నన్ను రెండుసార్లు తన్నింది. మూడోసారి కాళ్లకు బందం వేసి, వచ్చినకాడికి నేల మీదనే పిండేశాను. మరుసటి వారం దాన్నీ అమ్మేశాను.

అమ్మ తిరిగి వచ్చాక చర్చి ఊడ్చే పని ఇచ్చారు. సంఘమంతా కలిసి చేసిన దయ అని మురిసింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి, నా దగ్గరికి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. ఆరోగ్యం చెడేదాకా ఊడ్చింది. జైలు గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన మీద నాకు ఎంత కసి ఉందో, అమ్మ మీదా అంతే ఉంది. ఇద్దరినీ క్షమించలేదు. ఆమె మీద బెంగ మాత్రం వేరే.

ఆమెను సమాధి చేసిన రోజు వాక్యం చెప్పింది ఆయనే. బాగా ముసలివాడైపోయాడు, గొంతు మాత్రం తగ్గలేదు. ఈ సోదరి ఒక ఆదివారం ఎంత ధైర్యంగా లేచి తన తప్పు ఒప్పుకున్నదో, అట్లాంటి విశ్వాసం మనకూ రావాలని చెప్పాడు. కోర్టు ఊసు లేదు, జైలు ఊసు లేదు. అప్పుడు తల వంచుకున్న ఆడవాళ్లే ఇప్పుడు కళ్లొత్తుకున్నారు. ఆ తర్వాత అందరినీ కళ్లు మూసుకోమని ప్రార్థన మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగానే నేను వంగి, రెండు చేతులా మట్టి తీసి పెట్టె మీద పోశాను. చప్పుడుకు ఆయన ఆగిపోయాడు. అందరూ కళ్లు తెరిచి నన్ను చూశారు. చెంప మీద కొట్టడానికి అమ్మ లేదు.